అక్షరాలు ఉన్నాయి, కనపడటం లేదు: ఒక తెలుగు ఈ-బుక్ కేసు

"అమ్మా, మీ పుస్తకం తెరిచాను. అట్ట ఉంది, లోపల బొమ్మలున్నాయి. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా ఉన్నాయి. అక్షరాలే లేవు."

తెనాలి నుంచి వచ్చిన ఫోన్ అది. మాట్లాడింది హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దాయన. కంటి ఆపరేషన్ అయ్యాక అచ్చు పుస్తకం చదవడం కష్టమైపోయింది. డాలస్‌లో ఉన్న కొడుకు ఒక ఈ-ఇంక్ రీడర్ పంపించాడు. అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు, తెర నుంచి కళ్లలోకి వెలుతురు కొట్టదు. అందులో ఆయన వేసుకున్న మొదటి తెలుగు పుస్తకం నేను తయారు చేసింది.

నేను విజయవాడలో ఈ-బుక్కులు చేస్తాను. అంతకు ముందు చాలా ఏళ్లు డీటీపీ సెంటర్లో పేజ్ మేకప్ చేసేదాన్ని. పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్, అను అనే పాత తెలుగు ఫాంట్లు వాడే కాలం నుంచి ఉన్నాను. ఈ పుస్తకం 18 కథల సంపుటి. ముందు అచ్చు పుస్తకం వచ్చింది, తర్వాత అదే లేఅవుట్ ఫైలు నుంచి ఈపబ్, అంటే తెర సైజుకి తగ్గట్టు సర్దుకునే ఈ-బుక్కు ఫైలు, తీశాం. ప్రచురణకర్తే నేరుగా పాఠకులకి ఫైలు అమ్ముతారు.

మాస్టారి ఫోన్ వచ్చిన నాలుగు రోజులకి ఇంకో రెండు కబుర్లు వచ్చాయి. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చేసే ఒకావిడ, ఫోన్‌లో కథల పేర్లు కనిపిస్తున్నాయి కానీ కింద కథ లేదన్నారు. న్యూజెర్సీలో ఉండే ఒకాయన పదకొండో కథ సగంలో ఆగిపోయిందని, రచయిత కావాలనే అలా ముగించారా అని అడిగారు. ఆ ప్రశ్న చదివినప్పుడు నిజంగా బాధేసింది. రచయిత ఎంతో ఆలోచించి రాసిన ముగింపు పాఠకుడి దాకా వెళ్లనే లేదు. పైగా అక్కడ ఏదో ఉండాలని ఆయనకి తెలిసే అవకాశం కూడా లేదు.

ముగ్గురూ చెప్పింది ఒకటే: అక్షరాలు లేవు. నేను ముగ్గురికీ ఒకటే జవాబిచ్చాను: యాప్ అప్‌డేట్ చేసుకుని ఫైలు మళ్లీ డౌన్‌లోడ్ చేయండి. ఆ జవాబు తప్పు. నా ఫోన్‌లో, నా కంప్యూటర్‌లో పుస్తకం శుభ్రంగా కనిపిస్తోంది కాబట్టి తేడా వాళ్ల వైపే ఉందనుకున్నాను. మాస్టారు డెబ్బై దాటిన మనిషి. నా మాట నమ్మి ఫైలు మూడుసార్లు తీసి మళ్లీ ఎక్కించుకున్నారు.

మూడు తేడాలు, ఒకే లక్షణం

చదివేవాళ్లకి తెలిసేది తెర ఖాళీగా ఉందనే. తయారు చేసేవాళ్లం ఆ ఖాళీ ఏ రకమో విడదీసుకోవాలి. అక్షరం ఉండి, గీత కూడా పడి, వెనక రంగులో కలిసిపోయి ఉండొచ్చు. అక్షరం ఉన్నా దాన్ని గీయడానికి ఫాంట్ లేకపోవచ్చు. లేదా ఆ వాక్యం తెర దాకా రాకుండానే ఆగిపోయి ఉండొచ్చు. ఈ మూడింటికీ మందులు వేరు. ఒకదానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు.

విడదీయడానికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. ఖాళీగా ఉన్న చోట వేలితో నొక్కి పట్టుకోమని చెప్పాలి. అక్కడ అక్షరాలుంటే సెలెక్షన్ పట్టీ పడుతుంది. తర్వాత తెర రంగు మార్చి చూడమనాలి, నలుపు నుంచి తెలుపుకి, తెలుపు నుంచి లేత పసుపుకి. ఏ పరికరం, ఏ యాప్ అని అడగాలి. అన్నిటికంటే ముందు ఒక ఫోటో పంపమనాలి. నేనివన్నీ మొదటి రోజే అడిగి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి.

హైదరాబాద్ ఆవిడతో ఫోన్‌లో ఉండగానే ఇది తేలిపోయింది. ఆవిడ రాత్రి డ్యూటీలో విరామం దొరికినప్పుడు చదువుతారు, పక్కవాళ్లకి ఇబ్బంది ఉండకూడదని తెర నల్లగా పెట్టుకుంటారు. కథ పేరు కింద నల్లగా ఉన్న చోట నొక్కి పట్టుకోమన్నాను. "నీలం పట్టీ పడిందండీ... అయ్యో, దాంట్లో అక్షరాలున్నాయి!" అన్నారు. నలుపు మీద నలుపు. నీలం పట్టీ పడ్డ మేర మాత్రం అక్షరం బయటికొచ్చింది. తెర తెలుపు చేయమంటే కథ మొత్తం వచ్చేసింది.

దీనికి కారణం అచ్చు పద్ధతిలోనే ఉంది. అచ్చు పుస్తకంలో ప్రతి పేరాకీ నల్ల సిరా అని స్టైల్‌లో రాసి ఉంటుంది. లేఅవుట్ సాఫ్ట్‌వేర్ నుంచి ఈపబ్ తీసినప్పుడు ఆ నలుపు కూడా స్టైల్ షీట్‌లోకి, అంటే రంగు, సైజు లాంటివి రాసి ఉండే ఫైలులోకి, వచ్చేస్తుంది, #000000 (నలుపుకి కోడ్) అని. మేం చూసుకోకపోతే ప్రతి స్టైల్ కిందా అది ఉండిపోతుంది. నైట్ మోడ్‌లో యాప్ పేజీని నల్లగా, అక్షరాన్ని తెల్లగా మారుస్తుంది. కానీ పుస్తకమే అక్షరం నల్లగా ఉండాలని గట్టిగా చెబితే కొన్ని యాప్‌లు పుస్తకం మాట వింటాయి, కొన్ని పక్కన పెడతాయి. నా ఫోన్‌లోది పక్కన పెట్టే రకం. అందుకే నాకు కనిపించింది. కథల పేర్లు ముదురు ఎరుపులో పెట్టాం కాబట్టి అవి నలుపు మీద మసగ్గా అయినా బతికాయి.

మందు సులువు: కథ నడిచే పేరాలకి రంగే చెప్పకూడదు. చదివేవాళ్లు ఏ తెర ఎంచుకుంటే దానికి తగ్గ రంగు యాప్ వేసుకుంటుంది. స్టైల్ షీట్ నుంచి నలుపు మొత్తం తీసేశాను. తీసేసి చూస్తే ఇంకా రెండు కథల్లో ఒక్కో పేరా చీకట్లోనే ఉంది. ఆ రెండూ రచయిత ఆఖర్లో మెయిల్‌లో పంపినవి, వర్డ్ నుంచి నేరుగా అతికించినవి. వర్డ్ రంగును స్టైల్ షీట్‌లో కాకుండా వాక్యం చుట్టూ ఉండే ట్యాగ్‌లోనే దాచిపెడుతుంది. కాబట్టి స్టైల్ షీట్ ఒక్కటి వెతికితే సరిపోదు, ప్రతి అధ్యాయం ఫైలులోనూ రంగు అనే మాట కోసం వెతకాలి.

దీనికి తిరగేసిన రోగం ఇంకోటి ఉంది. ముదురు రంగు పట్టీ మీద తెల్ల అక్షరాలతో శీర్షిక పెట్టడం అచ్చులో బాగుంటుంది. ఈ-బుక్కులో కొన్ని యాప్‌లు వెనక పట్టీని తీసేసి అక్షరం రంగును మాత్రం ఉంచుతాయి. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరం మిగులుతుంది. ఈ పుస్తకంలో ఆ గోల లేదు కానీ, ఇంతకు ముందు చేసిన ఒక పిల్లల పుస్తకంలో ఉందని ఈ సందర్భంగా వెతికితే బయటపడింది. దాన్నీ సరిచేశాం.

తెనాలి ప్రయాణం

మాస్టారి రీడర్ సంగతి ఫోన్‌లో తేలలేదు. దాంట్లో నైట్ మోడ్ లేదు. తెల్ల తెర మీదే ఖాళీ. ఒక ఆదివారం పొద్దున రైలెక్కి తెనాలి వెళ్లాను. ఆయన నా కోసం రీడర్‌ని ఫుల్ చార్జింగ్‌లో పెట్టి, పక్కన అచ్చు పుస్తకం కూడా తెచ్చి ఉంచారు. పోల్చి చూసుకోవడానికట. ముప్పై ఏళ్లకు పైగా పేపర్లు దిద్దిన మనిషి.

ఆ తెరను ఇప్పటికీ మర్చిపోలేదు. తెల్లటి పేజీ. పైన ఎక్కడో ఒక కామా. రెండు వేళ్ల దూరంలో ఇంకో కామా. ఒక కొటేషన్ తెరుచుకుని, చాలా ఖాళీ తర్వాత మూసుకుంది. పేజీ మధ్యలో "1983" అన్న అంకె ఒంటరిగా నిలబడి ఉంది. కింద ఒక ప్రశ్నార్థకం. అచ్చు పుస్తకం పక్కన పెట్టి చూస్తే ప్రతి గుర్తూ దాని చోట్లోనే ఉంది. మధ్యలో ఉండాల్సిన తెలుగు మాత్రం లేదు.

నిజానికి ఆయన ఈ మాట మొదటి ఫోన్‌లోనే చెప్పారు. కామాలు, ఫుల్‌స్టాపులు ఉన్నాయమ్మా అని. నేనది వినలేదు. అంకెలు, విరామ చిహ్నాలు వచ్చి తెలుగు రాలేదంటే రంగు సమస్య అయ్యే అవకాశమే లేదు. రంగైతే అన్నీ కలిసే పోతాయి. ఇది ఫాంట్ సమస్య అని ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఫాంట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పుస్తకం ఫైలులో అక్షరం అంటే ఒక నంబరు. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ అనే ప్రమాణంలో తెలుగుకి 128 గడులు కేటాయించారు. "క" ఒక గడి, "ఖ" ఒక గడి, పొల్లుకి ఒక గడి. ఆ నంబరు చూసి తెర మీద ఆకారం గీసేది ఫాంట్. వాడుతున్న ఫాంట్‌లో ఆ నంబరుకి బొమ్మ లేకపోతే పరికరం తన దగ్గరున్న వేరే ఫాంట్లలో వెతుకుతుంది. ఎక్కడా దొరక్కపోతే లేదని చెప్పే గుర్తు వేస్తుంది. సాధారణంగా అది ఖాళీ పెట్టె. చదివేవాళ్లు "డబ్బాలు వస్తున్నాయి" అంటారు. కానీ ఆ గుర్తును కూడా ఏమీ లేకుండా వదిలేసే ఫాంట్లున్నాయి. మాస్టారి రీడర్‌లో జరిగింది అదే. డబ్బాలు కనిపించి ఉంటే నాకు మొదటి రోజే వెలిగేదేమో.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో నోటో తెలుగు ఉంటుంది. ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ. వీటి దగ్గర తెలుగు పుస్తకం ఎలాగోలా గట్టెక్కుతుంది. ఆయన రీడర్‌లో తెలుగు ఫాంట్ లేదు. అలాంటి పరికరాల కోసమే మేం పుస్తకంలోనే ఫాంట్ పెట్టి పంపిస్తాం. ఈ పుస్తకంలో పెట్టింది మండలి. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద వచ్చిన ఫాంట్ అది. ఉచితంగా వాడుకోవచ్చు, పుస్తకంలో పొందుపరచొచ్చు. ఫాంట్ లోపలే ఉన్నప్పుడు ఈ రీడర్‌లో ఎందుకు రాలేదు?

ముందు సెట్టింగులు చూశాను. మాస్టారు అక్షరాలు లావుగా ఉండాలని ఒక ఇంగ్లీషు ఫాంట్ ఎంచుకున్నారు. రీడర్‌లో ఫాంట్ మారిస్తే పుస్తకంలో పెట్టిన ఫాంట్ పక్కకు పోతుంది. ఇది చాలామందికి తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు. మెనూలో పబ్లిషర్ ఫాంట్ అన్నది ఎంచాను. ఇదే అయ్యుంటుందని నాకు గట్టి నమ్మకం. తెర ఒకసారి నల్లగా మెరిసి మళ్లీ తెల్లబడింది. కామాలు, 1983, ప్రశ్నార్థకం. అంతే.

అప్పుడు నా దగ్గరున్న పరీక్ష ఫైలు ఎక్కించాను. అది ఒక్క పేజీ ఈపబ్. అందులో మండలి ఫాంట్, పది పన్నెండు మాటలు: శ్రీ, స్త్రీ, రాష్ట్రం, జ్ఞాపకం, లక్ష్మి, అమ్మమ్మ, విద్యార్థి, హైదరాబాద్‌లో. ఒత్తు కింద ఒత్తు పడేవి, క్రారవడి పడేవి, పొల్లుతో ఆగేవి ఏరి పెట్టుకున్నాను. మాటలన్నీ తెర మీద చక్కగా పడ్డాయి. స్త్రీ విడిపోలేదు, రాష్ట్రంలో ఒత్తులు రెండూ కిందే ఉన్నాయి. మాస్టారు రీడర్ చేతిలోకి తీసుకుని పైకి చదివారు. "అమ్మమ్మ" అని రెండుసార్లు చదివారు. ఆ యంత్రంలో ఆయన చూసిన మొదటి తెలుగు అదే.

అంటే రీడర్‌కి తెలుగు అక్షరాలు కూర్చడం వచ్చు. ఇచ్చిన ఫాంట్ వాడుకోవడమూ వచ్చు. అదే మండలి మా పుస్తకంలో ఉన్నా పనిచేయడం లేదు. కాబట్టి తప్పు మా ఫైలుది. మాస్టారికి ఆ మాట అక్కడే చెప్పాను. "తప్పు దొరికింది కదమ్మా, ఇంక దిద్దడమేగా" అన్నారు.

తాళం ఒకటి, తాళంచెవి ఇంకోటి

ఈపబ్ నిజానికి ఒక జిప్ ఫైలు. విప్పితే లోపల అధ్యాయాలు, స్టైల్ షీట్, బొమ్మలు, ఫాంట్లు, పుస్తకం వివరాలుండే ఫైలు కనిపిస్తాయి. మెటా-ఇన్ఫ్ అనే ఫోల్డర్‌లో ఎన్‌క్రిప్షన్ అనే ఒక ఫైలు కూడా ఉంది. మా లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లను నేరుగా పెట్టదు. ఎవరైనా జిప్ విప్పి ఫాంట్ కాపీ చేసుకోకుండా కాస్త చెదరగొట్టి పెడుతుంది. ఈపబ్ ప్రమాణంలోనే ఈ పద్ధతి ఉంది. పుస్తకం గుర్తింపు సంఖ్య తీసుకుని, ఖాళీలు తొలగించి, దాన్నుంచి ఎస్‌హెచ్‌ఏ-1 అనే లెక్కతో 20 బైట్ల తాళంచెవి తయారు చేస్తారు. ఫాంట్ ఫైలులో మొదటి 1,040 బైట్లను ఆ తాళంచెవితో కలిపి మార్చేస్తారు. చదివే యాప్ అదే సంఖ్య నుంచి అదే తాళంచెవి చేసుకుని ఫాంట్‌ను మళ్లీ మామూలు చేసుకుంటుంది.

ఇప్పుడు జరిగింది చెప్తాను. ఈపబ్ తీసిన రోజు మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఈపబ్ నియమాలు చూసే ఈపబ్‌చెక్ అనే పనిముట్టుతో తనిఖీ చేశాను, ఒక్క తప్పూ రాలేదు. సాయంత్రం ప్రచురణకర్త నుంచి రెండు వచ్చాయి: ఈ-బుక్కు ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ సంఖ్య), పదకొండో కథలో రచయిత మార్చిన ఒక పేరా. మర్నాడు పొద్దున విడుదల. లేఅవుట్‌లోకి వెళ్లి మళ్లీ ఎగుమతి చేస్తే గంట పడుతుంది. ఈపబ్ విప్పి, మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో రెండు మార్పులూ చేసి, మళ్లీ కట్టేశాను. గుర్తింపు సంఖ్య ఉన్న చోట సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పొడుగాటి సంఖ్య తీసేసి ఐఎస్‌బీఎన్ పెట్టాను. పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల్లో తాళంచెవి మారిపోయింది. ఫాంట్‌ను పాత సంఖ్యతో మూశాం, పాఠకుడి యాప్ కొత్త సంఖ్యతో తెరవబోతోంది. తెరుచుకోదు. తెరుచుకోని ఫాంట్‌ను ఏ యాప్ అయినా చప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఎర్రర్ చూపించదు, హెచ్చరిక ఉండదు. ఫోన్లలో సొంత తెలుగు ఫాంట్ ఉంది కాబట్టి దానితో చూపించేశాయి. నా ఫోన్‌లో కూడా. నేను చూసి బాగుందనుకున్న ఆ అక్షరాలు మండలి కావు. ఏళ్ల తరబడి అక్షరాలతో పనిచేసి, ఎదురుగా ఉన్నవి ఏ ఫాంటో గుర్తుపట్టలేదు. ఈ కేసులో నన్ను ఇప్పటికీ ఎక్కువ కలవరపెట్టేది అదే.

ఊహ సరైనదో కాదో చూడటానికి ఒక పని చేశాను. బాగున్న ట్రూటైప్ రకం ఫాంట్ ఫైలు మొదటి నాలుగు బైట్లు మామూలుగా 00 01 00 00. మా పుస్తకంలోని ఫాంట్‌ను ఐఎస్‌బీఎన్ తాళంచెవితో విప్పితే మొదటి బైట్లు అర్థం లేని సంఖ్యలుగా వచ్చాయి. పాత సంఖ్యతో విప్పాను. 00 01 00 00. ఆ నాలుగు చూడగానే టెన్షన్ మొత్తం దిగిపోయింది.

సరిచేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పాత సంఖ్యనే ముఖ్యమైన గుర్తింపుగా ఉంచి ఐఎస్‌బీఎన్‌ను రెండో గుర్తింపుగా చేర్చడం. ఈపబ్‌లో గుర్తింపులు ఎన్నైనా ఉండొచ్చు, అందులో ప్రధానమైనది ఏదో చెబితే చాలు. రెండోది, అసలు ఫాంట్‌ను చెదరగొట్టకుండానే పెట్టడం. మండలి లాంటి స్వేచ్ఛా ఫాంట్‌కి ఆ దాపరికం అక్కర్లేదు. నేను రెండోది చేశాను, ఎన్‌క్రిప్షన్ ఫైలులో దాని వరసలు కూడా తీసేశాను. డబ్బు కట్టి తీసుకున్న ఫాంట్ అయితే లైసెన్సులో దాచిపెట్టమని షరతు ఉండొచ్చు, అప్పుడు మొదటి దారే.

ఇక్కడే ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఫైలు సైజు తగ్గించాలని ఫాంట్‌లో వాడని అక్షరాలు కత్తిరించేవాళ్లున్నారు. ఇంగ్లీషు పుస్తకానికి అది పెద్ద ప్రమాదం కాదు. తెలుగులో ఒత్తులకి యూనికోడ్‌లో విడిగా నంబరు ఉండదు. పొల్లు, దాని తర్వాత హల్లు వస్తే ఏ ఒత్తు వేయాలో ఫాంట్ లోపలి నియమాలు చెబుతాయి. కత్తిరించే పనిముట్టుకి ఆ నియమాలు తెలియకపోతే నంబరున్న అక్షరాలు ఉంచి ఒత్తుల బొమ్మలు పారేస్తుంది. అప్పుడు "అమ్మ"లో మావత్తు పోయి పొల్లు మకారం, దాని పక్కన ఇంకో మ మిగులుతాయి. కొన్ని వందల కేబీలు మిగల్చడానికి భాషలో సగం పోగొట్టుకోవడం నాకు నచ్చదు. నేను తెలుగు ఫాంట్ కత్తిరించను.

పదకొండో కథ

ఫాంట్ దొరికాక న్యూజెర్సీ ఫిర్యాదు కూడా ఆ సాయంత్రపు పని వల్లే అని అనుమానం వచ్చింది. కథ ఆగింది సరిగ్గా రచయిత మార్చిన పేరా దగ్గర. ఆ పేరాను నేను మెయిల్ నుంచి కాపీ చేశాను. రెండు మాటల మధ్య మామూలు ఖాళీ బదులు వెబ్ పేజీల్లో వాడే విడిపోని ఖాళీ, అంటే ఆ రెండు మాటలూ వేర్వేరు వరసల్లో పడకుండా పట్టి ఉంచేది, వచ్చింది. అండ్ గుర్తు, ఎన్‌బీఎస్‌పీ అనే నాలుగక్షరాలు, ఒక సెమీకోలన్.

వెబ్ పేజీలో అది తప్పు కాదు. ఈపబ్‌లో అధ్యాయాలు ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే కచ్చితమైన రాత పద్ధతి నియమాల ప్రకారం ఉండాలి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి పేరుతో రాసే గుర్తులు ఐదే తెలుసు. ఆరోది కనిపిస్తే కచ్చితంగా నడిచే యాప్ అక్కడే ఆగిపోతుంది. కొన్ని అప్పటిదాకా చదివింది చూపించి ఊరుకుంటాయి, కొన్ని ఆ అధ్యాయం మొత్తం ఖాళీగా వదిలేస్తాయి, కొన్ని చూసీచూడనట్టు ముందుకెళ్తాయి. న్యూజెర్సీ ఆయన యాప్ మొదటి రకం. చివరి రెండున్నర పేజీలు పోయాయి. ఈ ఖాళీ సెలెక్ట్ చేస్తే పట్టీ పడదు, వెతికినా మాట దొరకదు, రంగు మార్చినా రాదు. ఆ గుర్తు తీసి మామూలు ఖాళీ పెట్టాను. నిజంగా విడిపోని ఖాళీ కావాలంటే 160 అనే నంబరుతో రాయాలి.

మార్పులు చేశాక ఈపబ్‌చెక్ మళ్లీ నడిపి ఉంటే ఇది అక్కడికక్కడే పట్టుకునేది. పాత ఫైలు మీద నడిపి చూశాను, మొదటి వరసలోనే చెప్పింది. అయితే రంగు గురించి అది ఒక్క ముక్క చెప్పలేదు, ఫాంట్ తెరుచుకోదనీ చెప్పలేదు. దాని పని నియమాలు చూడటం. తెర మీద అక్షరం కనిపిస్తోందా అన్నది మనిషే చూడాలి.

ఒక్క మాట పక్కగా. పాత పేజ్‌మేకర్ ఫైళ్లతో వచ్చే ప్రచురణకర్తలు కూడా "ఈ-బుక్కులో అక్షరాలు పోయాయి" అంటారు. అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకంలో లోపల ఉండేవి యూనికోడ్ తెలుగు నంబర్లు కావు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు బొమ్మలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంట్ లేని చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తాయి. దానికి ఈ మందులేవీ పనిచేయవు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, తర్వాత ప్రతి పేజీ ప్రూఫ్ చదవాలి.

సరిచేసిన ఫైలు

కొత్త ఫైలును నాలుగు చోట్ల చూశాను: ఆండ్రాయిడ్ ఫోన్, ఐఫోన్, కంప్యూటర్, ఒక పాత ఈ-ఇంక్ రీడర్. ఆ రీడర్‌ను ఈ పనికోసమే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. తెలుపు, లేత పసుపు, నలుపు మూడు తెరల్లోనూ ప్రతి కథ మొదటి పేజీ, చివరి పేజీ తిప్పాను. చివరి పేజీ ఎందుకంటే, మధ్యలో ఆగిన కథ మొదటి పేజీలో తెలియదు. ఫాంట్ నిజంగా తెరుచుకుంటోందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష కాపీలో మండలి బదులు రవి ప్రకాష్ ఫాంట్ పెట్టాను. ఆ లావు అక్షరాలు దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. అవి కనిపిస్తే పుస్తకంలోని ఫాంట్ పనిచేస్తున్నట్టు, మామూలు సన్నటి అక్షరాలు కనిపిస్తే ఫోన్ తన ఫాంట్ వేసుకున్నట్టు. ఇప్పుడు ప్రతి పుస్తకానికీ ఇలాంటి కాపీ ఒకటి చేసి చూస్తున్నాను.

అప్పటికే పుస్తకం కొన్నవాళ్లందరికీ ప్రచురణకర్త మెయిల్ పంపారు. పాత ఫైలు తీసి కొత్తది వేసుకోవాలని, పాతదాంట్లో గీసుకున్న గీతలు, రాసుకున్న నోట్సు ఉంటే కొత్తదాంట్లోకి రాకపోవచ్చు కాబట్టి ముందే దాచుకోవాలని రాయించాను. న్యూజెర్సీ ఆయనకి మాత్రం నేనే విడిగా రాశాను, పదకొండో కథ ముగింపు మీరింకా చదవలేదని.

మాస్టారికి ఫైలు పంపి, పబ్లిషర్ ఫాంట్ ఎంచడం ఎలాగో నాలుగు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాను. మర్నాడు సాయంత్రం ఫోన్ చేశారు. "మూడు కథలయ్యాయమ్మా. రెండో కథలో ఒకచోట శ పడాల్సింది ష పడింది." చూస్తే నిజమే, అచ్చు పుస్తకంలోనూ ఉంది. ఆ అక్షరం ఈసారి లేఅవుట్‌లోనే మార్చి, ఈపబ్ మళ్లీ తీసి, తనిఖీ నడిపి, నాలుగు తెరల మీదా చూశాకే పంపించాను. గంటన్నర పట్టింది.

ఒక్క పాఠకుడి సమస్య మాత్రం ఈపబ్‌తో తీరలేదు. గుంటూరు నుంచి ఒకాయన రాశారు, ఆయనది చాలా పాత రీడర్. కొత్త ఫైలులో అక్షరాలు వచ్చాయి కానీ ఒత్తులు కిందికి చేరడం లేదు, పొల్లులన్నీ విడివిడిగా పడుతున్నాయి. నా పరీక్ష ఫైలు పంపి ఫోటో తీయమంటే "స్త్రీ" అక్షరాలన్నీ వరసగా పడి ఉన్నాయి. ఆ యంత్రానికి తెలుగు కూర్చడమే తెలియదు. ఫాంట్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. ఆయన కోసం అదే పుస్తకాన్ని పీడీఎఫ్‌గా తీశాను. పీడీఎఫ్‌లో అక్షరాలు ముందే కూర్చి ఉంటాయి, యంత్రం బొమ్మ గీస్తే చాలు. పేజీ ఏ4 సైజు పెడితే ఆ చిన్న తెర మీద చీమల బారులా ఉంటుంది. ఆరంగుళాల తెరకి సరిపోయేలా 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల పొడవు పేజీ పెట్టి, అంచులు దాదాపు తీసేసి, 14 పాయింట్ల అక్షరంతో కట్టాను. అక్షరం పెంచుకునే వీలు ఉండదని ముందే చెప్పాను. సరిపోయిందన్నారు. ఇప్పుడు ప్రచురణకర్త ఈపబ్‌తో పాటు ఆ చిన్న పీడీఎఫ్ కూడా ఇస్తున్నారు, అదే ధరకి.